ఎంలాక్ అన్ని ఫైల్‌సిస్టమ్‌ల మీదా ఒకేలా పనిచేస్తుందా? లినక్స్ కెర్నల్‌లో దీన్ని ఎలా టెస్ట్ చేయాలి?

చేయదు. ఎంలాక్ అంటే ప్రోగ్రాం మెమరీ పేజీలను (కెర్నల్ మెమరీని పంచే చిన్న ముక్కలను) ర్యామ్ నుంచి బయటికి పోకుండా కట్టేసే కాల్. కానీ దానికన్నా ముందు మీ టెస్ట్ పనిచేస్తోందో లేదో చూసుకోండి. నాది దాదాపు నెల రోజులు పనిచేయలేదు, ఆ నెలంతా పాస్ పాస్ అని చూపిస్తూనే ఉంది.

అప్పట్లో నేను రాసింది చిన్న ప్రోగ్రాం. నాలుగు ఎంబీల ఫైలును ఎంమ్యాప్ చేయడం (ప్రోగ్రాం మెమరీ అడ్రస్‌లకు తగిలించడం), ప్రతి పేజీనీ ఒకసారి చదవడం, ఎంలాక్ పిలవడం, తర్వాత స్క్రిప్టు నుంచి సుడోతో డ్రాప్ క్యాషెస్‌లో (ర్యామ్‌లో దాచిన ఫైలు పేజీలను వదిలేయమని కెర్నల్‌కి చెప్పే ఫైలు) 3 రాయడం, చివర్లో మిన్‌కోర్‌తో పేజీలన్నీ ఇంకా ర్యామ్‌లో ఉన్నాయా అని లెక్కపెట్టడం. లూప్ డివైజ్‌ల (డిస్క్‌లా వాడుకునే మామూలు ఫైళ్ల) మీద ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వేసుకుని, పక్కన ఒక టెంప్‌ఎఫ్‌ఎస్ (ర్యామ్‌లో ఉండే ఫైల్‌సిస్టమ్), ఒక ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా వచ్చే ఫైల్‌సిస్టమ్) మౌంటు పెట్టుకుని అయిదింటి మీదా నడిపాను. అయిదూ పాస్. రివ్యూకి పంపితే టీమ్‌లో ఒక సీనియర్ ఒకే ఒక్క లైను రాశారు: "ఎంలాక్ పిలిచే లైను కామెంట్ చేసి ఒకసారి నడిపి చూడండి." నిజం చెప్పాలంటే కొంచెం చిరాకేసింది, అయినా నడిపాను.

అయిదూ పాస్.

కూర్చుని తవ్వితే రెండు తప్పులు బయటపడ్డాయి, ఒకదాన్ని ఒకటి కాపాడుకుంటూ వచ్చాయన్నమాట. మొదటిది, ఎంలాక్ అసలు ఎప్పుడూ సక్సెస్ కాలేదు. ప్రోగ్రాం మామూలు యూజర్‌గా నడుస్తోంది, అది పాత కెర్నల్, మెమ్‌లాక్ లిమిట్ అంటే మామూలు యూజర్ లాక్ చేయగల గరిష్ఠం 64 కేబీ (కెర్నల్ 5.16 నుంచి 8 ఎంబీ చేశారు), నేను అడిగింది నాలుగు ఎంబీలు. రిటర్న్ విలువ చూడలేదు. ఇందులో సిగ్గుపడాల్సింది నేనే, ఇంకెవరూ కాదు. రెండోది ఇంకా దారుణం: డ్రాప్ క్యాషెస్ అనేది ఏదైనా ప్రాసెస్‌లో మ్యాప్ అయి ఉన్న పేజీల జోలికి పోనే పోదు. లాక్ ఉన్నా లేకపోయినా అవి అక్కడే ఉంటాయి. అంటే నేను పరీక్షించింది ఎంలాక్‌ని కాదు, ఎంమ్యాప్‌ని. ఇప్పటికీ ఎంలాక్ టెస్ట్ అంటే డ్రాప్ క్యాషెస్ అని చెప్పేవాళ్లు కనపడుతూనే ఉంటారు, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

రిటర్న్ విలువ చూసినా సుఖం లేదు లెండి. లిమిట్ దాటితే ఈనోమెమ్ (మెమరీ చాలదనే ఎర్రర్), మధ్యలో మ్యాప్ కాని ఖాళీ ఉంటే ఈనోమెమ్, ఫైలు చివర దాటిన పేజీలను లాక్ చేయమంటే అదీ ఈనోమెమ్. పైగా ఈ మూడో సందర్భంలో కెర్నల్ ముందే ఆ అడ్రస్ రేంజికి లాక్ గుర్తు పెట్టేసి, ఆ తర్వాత పేజీలు తేబోయి ఫెయిల్ అవుతుంది, కాబట్టి ప్రాసెస్ వివరాలు చూపే ప్రాక్ స్టేటస్‌లోని వీఎంలాక్ (లాక్ గుర్తు పడిన మొత్తం) అంకె పెరిగే కనిపిస్తుంది. ఆ అంకె రేంజిని చెప్తుంది, పేజీలను కాదు. మిన్‌కోర్‌నీ గుడ్డిగా నమ్మొద్దు: 5.2 నుంచి ఆ ఫైలు మీది కాక, దాని మీద రాసే హక్కూ లేకపోతే అన్ని పేజీలూ ఉన్నాయనే చెప్పేస్తుంది.

రెండోసారి రాసినప్పుడు ఒకే ఫైల్లో సగం లాక్ చేశాను, మిగతా సగం వదిలేశాను. సింక్ కొట్టి (రాసినవన్నీ డిస్క్‌కి పంపి), సీగ్రూప్‌లో (ప్రాసెస్‌ల గుంపు మెమరీ లెక్క చూసే ఏర్పాటు) పేజీలను ఖాళీ చేయమని అడిగే మెమరీ.రీక్లెయిమ్ ఫైల్లోకి రాసి నిజమైన ఒత్తిడి పెట్టాను. ఇది 5.19 నుంచి ఉంది. పేజీ క్యాష్ (ర్యామ్‌లో ఉండే ఫైలు పేజీలు) ఎవరు మొదట తాకితే వాళ్ల సీగ్రూప్ ఖాతాలో పడుతుంది, కాబట్టి ఫైలును సృష్టించడం కూడా ఆ సీగ్రూప్ లోపలే జరగాలి, లేకపోతే ఎంత రీక్లెయిమ్ కొట్టినా మీ పేజీ ఒక్కటి కూడా కదలదు, నాకు ఒక పూట దీనికే పోయింది. లాక్ లేని సగం బయటికి పోతేనే లాక్ ఉన్న సగం గురించి మాట్లాడే హక్కు ఉంటుంది. పోకపోతే అది పాస్ కాదు, స్కిప్. స్వాప్ (ర్యామ్ పేజీలను పంపే డిస్క్ చోటు) లేని మెషీన్‌లో టెంప్‌ఎఫ్‌ఎస్ ఎప్పుడూ స్కిప్పే, ర్యామ్‌ఎఫ్‌ఎస్ (పేజీలు స్వాప్‌కి అసలు పోని ర్యామ్ ఫైల్‌సిస్టమ్) అయితే స్వాప్ ఉన్నా స్కిప్పే. హ్యూజ్‌టీఎల్‌బీ (పెద్ద పేజీలు), డాక్స్ (పేజీ క్యాష్ లేకుండా స్టోరేజ్‌నే నేరుగా తగిలించడం) మ్యాపింగ్‌ల మీద ఎంలాక్ సక్సెస్ అంటుంది కానీ లాక్ గుర్తు పెట్టదు, వీఎంలాక్ కదలదు. అది బగ్ అనుకుని రిపోర్ట్ రాయబోయి ఆగాను.

ఇక మీరు అడిగిన తేడా. చదవడం వరకు డిస్క్ ఫైల్‌సిస్టమ్‌లన్నీ ఇంచుమించు ఒకటే, అసలు గొడవ రాయడంలో. షేర్డ్ మ్యాపింగ్‌ని (రాసింది ఫైల్లోకే పోయేదాన్ని) ఎంలాక్ చేస్తే కెర్నల్ పేజీలను చదవడానికి మాత్రమే తెస్తుంది, అనవసరంగా డర్టీ (డిస్క్‌కి రాయాల్సినవిగా) చేయకూడదని 2.6.38 దగ్గర అలా మార్చారు. అందువల్ల మొదటిసారి రాసినప్పుడు మళ్లీ ఫాల్ట్ వస్తుంది (ప్రోగ్రాం ఆగి కెర్నల్ జోక్యం చేసుకోవాలి), అప్పుడు ఈఎక్స్‌టీ4 అయితే జర్నల్‌ని (మార్పులను ముందుగా రాసుకునే లాగ్‌ని) అడగాలి, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే చోటు రిజర్వ్ చేసుకోవాలి. మధ్యలో ఖాళీలున్న స్పార్స్ ఫైలైతే, డిస్క్ నిండి ఉంటే, "లాక్" అయిన పేజీ మీద రాయబోయి సిగ్‌బస్ (మెమరీ తప్పుకి కెర్నల్ పంపే సిగ్నల్) తిని ప్రాసెస్ చచ్చిపోతుంది. ముందే ప్రతి పేజీ మీదా ఒకసారి రాసేస్తే సరిపోతుంది కదా అంటారు. చాలదు, రైట్‌బ్యాక్ (డిస్క్‌కి రాయడం) అయిన ప్రతిసారీ కెర్నల్ ఆ పేజీని మళ్లీ రీడ్ ఓన్లీ చేస్తుంది, మళ్లీ ఫాల్ట్. టెంప్‌ఎఫ్‌ఎస్‌లో ఈ తతంగం లేదు. చాలా డిస్ట్రోల్లో టెంప్ డైరెక్టరీ టెంప్‌ఎఫ్‌ఎస్సే, అందుకే అక్కడ టెస్ట్ చేసి "ఎంలాక్ చేశాం, ఇక లేటెన్సీ టెన్షన్ లేదు" అని రాసేవాళ్లను నేను నమ్మను.

ఎన్‌ఎఫ్‌ఎస్ మాట ఎత్తకపోతేనే మంచిది. ఇంకో మెషీన్ నుంచి ఆ ఫైలు మారిందని తెలిశాక క్లయింట్ పాత పేజీలను పారేస్తుంది, లాక్ ఉందా లేదా అని చూడదు. తర్వాత తాకితే నెట్‌వర్క్ మీదుగా మేజర్ ఫాల్ట్. నా టెస్ట్ సూట్‌లో దీనికి ఒక కేసు ఉంది, ఫెయిల్ కావాలనే రాసి పెట్టాను, అది పాస్ అయిన రోజు ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంటు సరిగ్గా కాలేదని అర్థం చేసుకుంటాను.