సంఖ్య పక్కనున్న మాట

చిరంజీవికి, శ్రీకాకుళం నుంచి ఆశీస్సులు.

వాతావరణ మార్పు మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. బొబ్బిలిలో కూర్చొని దేశం లెక్కలన్నీ పోగుచేసుకున్న నీ ఓపిక నాకెంతో నచ్చింది. అయితే శీర్షిక మార్చనిదే దానిని పత్రికకు పంపవద్దు. ‘భారతదేశ ఉద్గారాలు 36 శాతం తగ్గాయి’ అని పెట్టావు. తగ్గినవి ఉద్గారాలు కావు, ఉద్గారాల తీవ్రత. అంటే స్థూల దేశీయోత్పత్తిలో రూపాయి విలువకు భూమిని వేడెక్కించే హరితగృహ వాయువు ఎంత వెలువడుతోందో ఆ కొలత 2005తో పోలిస్తే 2020 నాటికి 36 శాతం తగ్గిందని, 2024 డిసెంబరులో మన ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి సమర్పించిన నివేదిక చెబుతోంది. మొత్తం ఉద్గారాలు మాత్రం, అడవులు పీల్చుకునే వాటా తీసివేయకుండా చూస్తే, 2000లో సుమారు 152 కోట్ల టన్నులు, 2019లో సుమారు 313 కోట్ల టన్నులు. 2020లో కనిపించే తగ్గుదల కరోనా మూతల నాటిది.

ఈ తేడాను పలాస జీడి పరిశ్రమతో చెబితే మన పాఠకులకు తేలికగా తెలుస్తుంది. బస్తా జీడిపిక్కలు ఉడికించడానికి మునుపటికన్నా మూడో వంతు తక్కువ తొక్క కాల్చే బాయిలరు వచ్చిందనుకో. యజమాని అదే కాలంలో రోజుకు పది బస్తాలకు బదులు ముప్ఫై బస్తాలు వేస్తే, బస్తా లెక్కన పొగ తగ్గుతుంది, ఊరిమీద పొగ రెట్టింపవుతుంది. రెండూ నిజాలే.

అలాగని దేశం మోసం చేస్తోందని రాయడమూ న్యాయం కాదు. 2015లో మనం ప్రపంచానికి ఇచ్చిన మాటే తీవ్రత గురించి: 2030 నాటికి 33 నుంచి 35 శాతం తగ్గిస్తామన్నాం, 2022లో దానిని 45కు పెంచాం. తలసరి ఉద్గారాల్లో మనం ప్రపంచ సగటులో సగానికన్నా తక్కువే. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నామన్నది గర్వించదగిన విషయమే. ఆ మాట ఏమిటో పాఠకుడికి తెలియాలని మాత్రమే నా ఆరాటం.

కరెంటు విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 2025 జూన్ నాటికి స్థాపిత సామర్థ్యంలో, అంటే కేంద్రాలన్నీ పూర్తిగా నడిస్తే ఇవ్వగల కరెంటులో, సగం బొగ్గు, గ్యాసు, చమురు కానిదే అయింది, మనం పెట్టుకున్న 2030 గడువుకు ఐదేళ్లు ముందుగా. కానీ విజయనగరం జిల్లాలోని ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కు తయారీలో కలిపే మిశ్రలోహాలు) కొలిమి రాత్రి కూడా కరెంటు అడుగుతుంది, సౌర ఫలకాలు అప్పుడు ఇవ్వలేవు. అందుకే నిజంగా ఉత్పత్తయ్యే కరెంటులో బొగ్గు వాటా 2024-25లో కూడా నూటికి డెబ్బై పైమాటే.

ఇక నువ్వు సోంపేట ప్రస్తావించిన పేరా. 2010 జూలై 14న అక్కడ, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో, థర్మల్ విద్యుత్ కేంద్రాలను వ్యతిరేకించిన వారిపై కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. వారిని ‘వాతావరణ యోధులు’ అన్నావు. నేనూ ఆ రోజుల్లో అటువంటి మాటే రాసి, అక్కడి బీల అనే చిత్తడి నేల ఒడ్డున ఒక పెద్దాయనకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, తాము అడిగింది ఆ నీరు, ఆ చేపలు, ఆ పొలాలు మాత్రమేనని చెప్పారు. ఆ మాట నన్ను ఈనాటికీ వదలలేదు. వారి పోరాటం వల్ల ఇక్కడ కాలకుండా మిగిలిన బొగ్గు గురించి రాయి, తప్పులేదు. అది నీ లెక్కగా రాయి, వారి నోట పెట్టవద్దు.

వరి పొలాల నుంచి వచ్చే మీథేన్ అనే హరితగృహ వాయువు గురించి రాసిన వాక్యం రైతును దోషిగా నిలబెడుతోంది. నిలిచిన నీటి అడుగున గాలి అందని మట్టిలో సూక్ష్మజీవులు ఆ వాయువును పుట్టిస్తాయన్నది నిజం. మధ్యమధ్య మడిని ఆరబెడితే అది తగ్గుతుందన్నదీ నిజమే. కానీ వంశధార శివారు ఆయకట్టులో మళ్లీ నీరు ఎప్పుడు వస్తుందో తెలియని రైతు, వచ్చిన నీటిని ఎలా వదులుకుంటాడు? కాలువ నమ్మకంగా పారితేనే ఆ సలహా సలహా అవుతుంది. నీ వ్యాసంలో కాలువ ఊసే లేదు.

ఈ పేరాలు తిరగరాసి పంపు. సోంపేట వెళ్లదలిస్తే ముందుగా తెలియజేయి, నేనూ వస్తాను.