డబుల్ నెగటివ్ టి కణాలు పెరిగితే క్యాన్సరేనా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. ఎనిమిది నెలలుగా మెడలో బిళ్లలు కట్టి తగ్గడం లేదు. ప్లీహం పెరిగింది. ప్లేట్‌లెట్లు రెండుసార్లు పడిపోయాయి. బయాప్సీలో క్యాన్సర్ లేదన్నారు. ఇప్పుడు ‘డబుల్ నెగటివ్ టి కణాలు 4 శాతం’ అని రిపోర్టు వచ్చింది. ఇది క్యాన్సరా? ప్లీహం తీయించాలా?

జవాబు: ఈ అంకె క్యాన్సర్‌ను సూచించేది కాదు. టి కణాలు రోగనిరోధక శక్తికి చెందిన తెల్ల రక్తకణాలు. వాటిలో చాలావాటి మీద సీడీ4 లేదా సీడీ8 అనే ప్రొటీన్ గుర్తు ఉంటుంది. రెండూ లేనివి డబుల్ నెగటివ్ కణాలు. ఆరోగ్యవంతుల్లోనూ ఇవి కొద్దిగా ఉంటాయి.

టి కణాల్లో ఆల్ఫా-బీటా, గామా-డెల్టా అని రెండు రకాలుంటాయి. ముందు ఆ 4 శాతం ఆల్ఫా-బీటా రకానిదేనా అని ల్యాబ్‌ను అడగండి. గామా-డెల్టా కణాల్లో ఎక్కువ వాటికి ఆ గుర్తులు ఉండవు. వాటినీ కలిపి లెక్కిస్తే అంకె పెరిగి కనిపిస్తుంది. ఆల్ఫా-బీటా రకమే మొత్తం లింఫోసైట్లలో (టి కణాలు కూడా చేరిన తెల్ల రక్తకణాల వర్గం) 1.5 శాతం, లేదా టి కణాల్లో 2.5 శాతానికి చేరి, లింఫోసైట్ల సంఖ్య తగ్గకుండా ఉంటే ‘ఆల్ప్స్’ (ఆటోఇమ్యూన్ లింఫోప్రొలిఫరేటివ్ సిండ్రోమ్) అనే జబ్బును అనుమానిస్తాం. బిళ్లలు ఆరు నెలలు దాటడం కూడా ఆ అనుమానాన్ని బలపరుస్తోంది.

ఇన్ఫెక్షన్‌తో పోరు ముగిశాక టి కణాలు చనిపోవాలి. ‘ఇక చాలు’ అనే సంకేతాన్ని కణం లోపలికి చేర్చేది ఫాస్ ప్రొటీన్. ఆల్ప్స్‌లో సాధారణంగా దాని జన్యువు దెబ్బతింటుంది. దాంతో కణాలు చావక గ్రంథుల్లో, ప్లీహంలో పేరుకుంటాయి. సొంత రక్తకణాల మీదికి తిరిగే లింఫోసైట్లూ వాటితో పాటే బతికిపోతాయి. ప్లేట్‌లెట్లు పడిపోయేది అందుకే.

తర్వాత ఫాస్ జన్యు పరీక్ష చేయించాలి. రక్తంలో విటమిన్ బి12, ఐఎల్-10 (రోగనిరోధక కణాలు విడుదల చేసే ప్రొటీన్), కరిగిన రూపంలోని ఫాస్ లైగాండ్ (ఫాస్‌కు అతుక్కునే ప్రొటీన్) కూడా చూడాలి. బి12 మాత్రలు వాడకుండానే అది బాగా పెరిగి ఉంటే మంచి ఆధారం. మామూలు రక్త నమూనాలో జన్యువు బాగుందని వస్తే అక్కడితో వదిలేయొద్దు. కొందరిలో లోపం డబుల్ నెగటివ్ కణాల్లోనే ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. వాటిని వేరుచేసి పరీక్షించాలి.

ప్లీహాన్ని మాత్రం తొందరపడి తీయించకండి. ఆల్ప్స్ పిల్లల్లో అది తీసేశాక న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల ప్రాణాంతకమైన సెప్సిస్ (ఒళ్లంతా ప్రభావం చూపే తీవ్ర ఇన్ఫెక్షన్) వచ్చే ముప్పు చాలా ఎక్కువ. ప్లేట్‌లెట్లూ మళ్లీ పడిపోవచ్చు. స్టెరాయిడ్లు ప్లేట్‌లెట్లను పెంచుతాయి గానీ, ఆపగానే బిళ్లలు తిరిగి కడతాయి. దీర్ఘకాలానికి రోగనిరోధక శక్తిని అదుపుచేసే మైకోఫెనోలేట్ లేదా సిరోలిమస్ మందు వాడతాం. బిళ్లలు, ప్లీహం తగ్గాలంటే సిరోలిమస్ మెరుగు, అయితే రక్తంలో దాని మోతాదు చూసుకుంటూ ఉండాలి. ప్లీహం పెరిగి ఉంది కాబట్టి కడుపుకు దెబ్బ తగిలే ఆటలు వద్దు.

ఫాస్ లోపం ఉన్నవారికి లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్) ముప్పు మామూలు కంటే ఎక్కువ. ఒక బిళ్ల ఉన్నట్టుండి పెరిగినా, గట్టిపడినా, రాత్రి చెమటలు పట్టి బరువు తగ్గినా పాత బయాప్సీ మీద ఆధారపడకుండా మళ్లీ చేయించండి.