తూకం లేని వంటింట్లో కొలతల లెక్క

అమెరికాకు కొత్తగా వచ్చి, అద్దె ఇంట్లో ఒక రైస్ కుక్కరుతో, నాలుగు గిన్నెలతో కాపురం మొదలుపెట్టినవారు కొంతకాలానికి అడిగే సందేహం ఒకటుంది: బరువు పెరుగుతున్నాం, డాక్టరు అన్నం తగ్గించమంటున్నారు, ఎంత తింటున్నామో తెలుసుకుందామంటే ఇంట్లో తూకం లేదు, ఏం చేయాలి? ఇక్కడ కొన్న ప్రతి సంచి మీదా, సీసా మీదా బరువో పరిమాణమో అచ్చు వేసే ఉంటుంది కాబట్టి, దాన్ని భాగాలుగా పంచుకోవడం తెలిస్తే తూకంతో పెద్దగా పని ఉండదు.

ముందుగా కప్పు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే లెక్క ఎక్కువగా తప్పేది అక్కడే. రైస్ కుక్కరుతో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు జపాను కొలతను అనుసరించి చేసినది. అందులో 180 మిల్లీలీటర్లే పడతాయి. ఇక్కడి ఆహార పొట్లాల వెనుక కనిపించే కప్పు 240 మిల్లీలీటర్లది. కుక్కరు కప్పుడు బియ్యం సుమారు 140 నుంచి 150 గ్రాములు తూగుతాయి, అంటే 500 కేలరీలకు పైమాటే. బియ్యం సంచి వెనుక ఒక సర్వింగుగా రాసేది సాధారణంగా పావు కప్పు, అంటే 45 గ్రాముల బియ్యం; వండితే అది ముప్పావు కప్పు అన్నం అవుతుంది. మన ఇళ్లలో ఒక పూటకు వడ్డించుకునేది దీనికి రెండింతలో, మూడింతలో ఉంటుంది కాబట్టి, అక్కడ రాసిన కేలరీలను కూడా అన్ని రెట్లు చేసుకోవాలి. ఫోనులోని యాప్‌లో నమోదు చేసేవారు అది బియ్యమో అన్నమో కూడా చూసుకోవాలి: అదే 240 మిల్లీలీటర్ల కప్పుకు బియ్యమైతే 670 కేలరీల దాకా, అన్నమైతే 200 పైచిలుకు వస్తాయి.

ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గిన్నె ఎంత పడుతుందో తెలియకపోతే అరలీటరు నీళ్ల సీసా చాలు. సీసాలోని నీళ్లు ఆ గిన్నెతో సరిగ్గా నాలుగు సార్లు వస్తే అది 125 మిల్లీలీటర్ల గిన్నె, అంటే ఇక్కడి అరకప్పు కన్నా ఒక్క చెంచాడు ఎక్కువ. పప్పో పులుసో కలపక ముందే అన్నాన్ని ఆ గిన్నెతో కొలిచి పళ్లెంలో వేసుకోండి. పిడికిలంత అంటే ఒక కప్పు అని ఇక్కడి ఆరోగ్య సలహాల్లో చెబుతారు గాని, అన్నీ కలుపుకుని తినే మన భోజనానికి అది అంతగా అక్కరకు రాదు. పైగా అందరి పిడికిళ్లూ ఒకటి కావు.

పళ్లెం ముందు కూర్చుని వేసే అంచనాల కన్నా నేను ఎక్కువగా నమ్మేది సంచి లెక్కను. 20 పౌండ్ల సోనామసూరి సంచి అంటే 9 కిలోలకు కాస్త ఎక్కువ. విప్పిన తేదీని సంచి మీదే రాసి పెట్టండి. ఇద్దరున్న ఇంట్లో అది 30 రోజులు వచ్చిందంటే రోజుకు 300 గ్రాములు, మనిషికి 150 గ్రాముల బియ్యం. మారు వడ్డించుకున్నది, చివర్లో పెరుగులోకి పెట్టుకున్నది అన్నీ ఇందులోకి వచ్చేస్తాయి. వారం వారం అతిథులు వచ్చిన నెలను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. నూనెకూ ఇదే పద్ధతి: లీటరు సీసా ఇద్దరికి నాలుగు వారాలు వస్తే మనిషికి రోజుకు 18 మిల్లీలీటర్లు, అంటే టేబుల్ స్పూనుకు కొంచెం ఎక్కువ. టేబుల్ స్పూను నూనెలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి గనుక, పోపులోకి సీసా వంచి పోసే అలవాటు మానుకుని చెంచాతో వేసుకోవడం మంచిది.

గోధుమపిండి కప్పుకు సుమారు 120 గ్రాములు. రెండు కప్పుల పిండిని ఎనిమిది ఉండలు చేస్తే ఒక్కో చపాతీకి 30 గ్రాములు. ఎముకలు లేని కోడిమాంసం పౌండు పొట్లాన్ని నాలుగు భాగాలు చేస్తే ఒక్కొక్కటి నాలుగు ఔన్సులు, వండిన తరువాత సుమారు మూడు ఔన్సులు, అంటే 85 గ్రాములు. ఎముకలతో కొన్నప్పుడు ఈ లెక్క కుదరదు. బరువు కొలిచే ఔన్సు 28 గ్రాములు, పాల సీసా మీది ఫ్లూయిడ్ ఔన్సు 30 మిల్లీలీటర్లు కాబట్టి ఆ రెంటినీ కలిపేయకండి.

పిండిపదార్థాల లెక్కను బట్టి ఇన్సులిన్ మోతాదు వేసుకునేవారు మాత్రం ఈ అంచనాలతో సరిపెట్టుకోకుండా చిన్న డిజిటల్ తూకం కొనుక్కుని, డాక్టరు సలహా ప్రకారం నడుచుకోవాలి. పసిపిల్లల పాలపొడిని ఏ డబ్బాలోది ఆ డబ్బాతో వచ్చిన స్కూపుతోనే, దాని మీద రాసినన్ని నీళ్లతోనే కలపాలి. ఒక డబ్బా స్కూపును మరో డబ్బాకు వాడకూడదు.