ఒక్క అంకె ఎన్నిచోట్ల ఉందో చూసుకో

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. వచ్చే నెల హైదరాబాద్‌లో బల్క్ డ్రగ్ (బిళ్లల్లో వేసే ముడి మందు) కంపెనీలో, అనుమతుల కాగితాలు చూసే రెగ్యులేటరీ డిపార్ట్‌మెంట్‌లో చేరుతున్నావని నాన్న చెప్పాడు. ఏసీ గదిలో కూర్చుని కాగితాలు సర్దే ఉద్యోగమని మీ అమ్మ అమలాపురమంతా చెబుతోందట. సర్దడమే, తప్పేం లేదు. కాకపోతే ఆ కాగితాల్లో ఒక అంకె మారితే ఇంకెన్నిచోట్ల మారాలో చెప్పగలగాలి. ఆ కుర్చీకి జీతం అందుకే ఇస్తారు.

సీటీడీలో, అంటే మందు అనుమతికి పెట్టే దస్త్రం నమూనాలో, ఐదు మాడ్యూళ్లని ఎం.ఫార్మసీలో చదివావు. బల్క్ డ్రగ్ కంపెనీ గనక నీ కాపురమంతా మూడోదానిలో, అందులోనూ ముడి మందు గురించి చెప్పే 3.2.ఎస్‌లో (ఎస్.4.1 లాంటివన్నీ దాని భాగాలే). చెప్పదలచుకున్నదంతా దాని గురించే.

ఒక ఇంప్యూరిటీ (మందులో మిగిలే మలినం) పరిమితి 0.15 శాతం అని రాసి ఉందనుకో. దాన్ని 0.10కి తగ్గించమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నుంచి క్వెరీ వచ్చింది. కొత్తగా చేరినవాళ్లు ఎస్.4.1లో స్పెసిఫికేషన్ దిద్ది, జవాబు పంపేసి ఊపిరి పీల్చుకుంటారు. ఎస్.4.5లో ‘0.15 ఎందుకు సరిపోతుందంటే’ అన్న పాత వాదన అలాగే ఉండిపోతుంది. మందు ఎన్నాళ్లు నిలుస్తుందో చూపే ఎస్.7.3 స్టెబిలిటీ పట్టికల నెత్తిన పాత పరిమితే ఉంటుంది. మాడ్యూల్ 2లోని క్వాలిటీ సారాంశాన్ని ఎవరూ ముట్టుకోరు. ఫ్యాక్టరీ క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగం) సీఓఏ, అంటే బ్యాచ్ పరీక్షల సర్టిఫికెట్, ఫార్మాట్ మారదు. అన్నిటికంటే ప్రమాదం ఇంకోటి ఉంది. ఆ పట్టికలో 24వ నెల ఫలితం 0.12 అయితే, 0.10కి ఒప్పుకున్న మరుక్షణం రీటెస్ట్ పీరియడ్ (మళ్లీ పరీక్షించే దాకా మందు వాడదగ్గ కాలం) కూలిపోతుంది. అందుకే స్టెబిలిటీ పట్టిక చివరి గడి దాకా చూడకుండా ‘ఒప్పుకుంటున్నాం’ అన్న మాట రాయకు. పరిమితి పెంచాల్సి వస్తే ఎస్.4.3 తెరువు. పరీక్ష పద్ధతి నమ్మదగిందని చూపే మెథడ్ వాలిడేషన్‌లో లీనియారిటీ (మలినం పెరిగిన కొద్దీ అంకె కూడా అదే లెక్కన పెరగడం) కొత్త పరిమితికి 120 శాతం దాకా వెళ్లిందో లేదో చూడు. వెళ్లకపోతే ల్యాబ్ వాళ్లకి మళ్లీ పని పడుతుంది. ఆ రోజులు కూడా లెక్కేసుకుని గడువు చెప్పు.

ఇందుకోసం ఒక పొడుగు నోటుబుక్ పెట్టుకో. ఎడమ పక్క అంకె, కుడి పక్క అది కనిపించే సెక్షన్లన్నీ. కంప్యూటర్‌లో వెతికితే చాలదా అంటావు. స్కాన్ చేసిన పాత పేజీల్లో అంకెలు దానికి దొరకవు.

రెండో సంగతి డీఎంఎఫ్ (డ్రగ్ మాస్టర్ ఫైల్), అంటే ముడి మందు తయారీ వివరాలతో కంపెనీ ఎఫ్‌డీఏకి ఇచ్చే దస్త్రం. అమెరికాలో డీఎంఎఫ్‌కి ‘ఆమోదం’ అన్నది లేదు. ఎవరో ఒక ఫార్ములేషన్ (బిళ్లలు చేసే) కంపెనీ దాన్ని చూపించి దరఖాస్తు పెట్టుకున్నప్పుడే లోపల ఏముందో చూస్తారు. మార్కెటింగ్ వాళ్లు ‘మా డీఎంఎఫ్ అప్రూవ్డ్’ అని కస్టమర్‌కి రాస్తుంటే నువ్వే ఆపాలి. లోపాలుంటే ఆ లేఖ నేరుగా మీకే వస్తుంది. కస్టమర్‌కి లోపం ఉందన్న ముక్క మాత్రమే తెలుస్తుంది. ప్రాసెస్‌లో మార్పు చేసి డీఎంఎఫ్ సవరించినప్పుడు, లెటర్ ఆఫ్ ఆథరైజేషన్ (మీ డీఎంఎఫ్‌ని చూపించుకోవచ్చని మీరిచ్చే లేఖ) తీసుకున్న ప్రతి కంపెనీకీ తెలియజేయాలన్నది రూలు. చాలాచోట్ల మర్చిపోయేది ఇక్కడే. ఎవరెవరికి లెటర్లు ఇచ్చారో ఆ జాబితా చేరిన వారంలోనే సంపాదించు.

ఈసీటీడీ, అంటే కంప్యూటర్ ఫైళ్లుగా పంపే సీటీడీ, పెద్ద విద్యేం కాదు. ఫైల్ పేరు చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, ఎక్స్‌టెన్షన్‌తో కలిపి 64 అక్షరాల లోపు ఉండాలి. పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉండకూడదు. ఇవి తప్పితే ఫైళ్లు సరిచూసే వాలిడేటర్ సాఫ్ట్‌వేరే అరుస్తుంది. అది అరవని తప్పు ఒకటుంది. కొత్త స్పెసిఫికేషన్‌కి ‘రీప్లేస్’ పెట్టాల్సిన చోట ‘న్యూ’ పెడితే పాతదీ కొత్తదీ రెండూ చెల్లుబాటులో ఉన్నట్టు కనిపిస్తాయి. రివ్యూయర్ పాతదే చదివి మళ్లీ క్వెరీ వేస్తాడు, తప్పేమో వాళ్లదే అనుకుని మీరు తిట్టుకుంటారు. 2024 సెప్టెంబరు నుంచి ఎఫ్‌డీఏ 4.0 వెర్షన్ కూడా తీసుకుంటోంది. ముందు పాత వెర్షన్ 3.2.2 చేతికి రానీ.

నైట్రోసమైన్ల (క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న మలినాలు) మీద మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో. 2018లో రక్తపోటు మందు వాల్సార్టాన్‌లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ బయటపడ్డాక ఈ ఉద్యోగం స్వరూపమే మారింది. టెట్రజోల్ రింగు కట్టాక మిగిలిన అజైడ్‌ని చంపడానికి నైట్రైట్ వేశారు. డీఎంఎఫ్ విరిగి డైమిథైల్ అమీన్ ఇచ్చింది. రెండూ ఆమ్లంలో కలిశాయి. (ఈ డీఎంఎఫ్ ద్రావకం, పైన చెప్పింది దస్త్రం. మీటింగుల్లో ఈ తికమకతో పది నిమిషాలు పోతుంటాయి.) ఎన్‌డీఎంఏకి రోజుకి 96 నానోగ్రాములు హద్దు. వాల్సార్టాన్ గరిష్ఠ డోసు 320 మిల్లీగ్రాములు. భాగిస్తే 0.3 పీపీఎం (పది లక్షల్లో 0.3 వంతు). డోసు మారితే పీపీఎం మారుతుంది, కాబట్టి ఇంకో మందు రిపోర్టు నుంచి ఈ అంకె కాపీ కొట్టకు. రిస్క్ అసెస్‌మెంట్ రాసేముందు ప్రాసెస్ కెమిస్ట్‌ని ఒక్క ప్రశ్న అడుగు: ‘రికవరీ సాల్వెంట్ (ఒకసారి వాడి శుద్ధి చేసిన ద్రావకం) వాడుతున్నారా? అది ఏ స్టేజీ నుంచి, ఏ ప్రోడక్ట్ నుంచి వస్తోంది?’ తయారీ వివరాలుండే ఎస్.2లో దాని మాటే లేకపోతే రాత ఆపి, ముందు ఆ సంగతి తేల్చు.

మన భీమవరం వైపు రొయ్యల చెరువుల వాళ్లని చూశావుగా. నిషేధించిన యాంటీబయాటిక్ క్లోరాంఫెనికాల్ జాడ తగిలితే కంటైనర్ వెనక్కే. అప్పుడు కాగితం పట్టుకుని చెరువు గట్టు దాకా వస్తారు. నువ్వు రాసే ప్రతి అంకె వెనకా అలాగే ల్యాబ్ నోటుబుక్కో, క్రొమటోగ్రామో ఉండాలి. మూడో నెల శాంపిల్ స్టెబిలిటీ చాంబర్ నుంచి ఆలస్యంగా తీశారనుకో, తీసిన తేదీనే వేసి డీవియేషన్ (పద్ధతి తప్పిందన్న నమోదు) రాయమను. తేదీ వెనక్కి జరపమని ఎంత పెద్దవాళ్లు చెప్పినా నీ సంతకం పెట్టకు. ఆలస్యానికి సంజాయిషీ ఇచ్చుకోవచ్చు. దొంగ తేదీ ఒక్కటి దొరికితే మిగతా డేటానంతా అనుమానిస్తారు.

క్వెరీకి జవాబు రాసేటప్పుడు వాళ్ల ప్రశ్నని అక్షరం మారకుండా దించు. కింద మొదటి వాక్యంలోనే జవాబు, ఆ తర్వాత కారణం, చివర ఏ సెక్షన్‌లో మార్చామో. మూడు ముక్కల ప్రశ్నకి మూడు జవాబులు. సరిపోకపోతే నష్టం మీ కస్టమర్‌కి: జెనరిక్ దరఖాస్తుకి మైనర్ సవరణైతే సాధారణంగా 3 నెలలు, మేజరైతే 8, ముందస్తు తనిఖీ కావాలంటే 10.

ముందుగా చదవాల్సింది గైడ్‌లైన్లు కాదు. నీకిచ్చిన ప్రోడక్ట్‌కి వచ్చిన పాత క్వెరీ లెటర్లు అడిగి తీసుకో. ఏ సెక్షన్ బలహీనమో అవే చెబుతాయి. ఆ తర్వాత ఒకసారి ప్లాంటుకి వెళ్లి ఒక బ్యాచ్ రియాక్టర్ నుంచి డ్రయ్యర్ దాకా చూసిరా. ఎస్.2.2లో ఒక్క వాక్యంలో అయిపోయే ఫిల్ట్రేషన్‌కి అక్కడ ఎంతసేపు పడుతుందో కళ్లారా చూడు.

సెలవుల సంగతి కూడా చెబుతాను. అమెరికా ఫీజులు అక్టోబరు 1 నుంచి మారతాయి, అందుకని సెప్టెంబరు నెలాఖరు దాకా ఫైలింగుల తొక్కిసలాట. వినాయక చవితికి వస్తానని నానమ్మకి మాటివ్వకు. సంక్రాంతికి రావచ్చు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్టు 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ పొద్దున్నే చేయించుకో.

నీ
పెదనాన్న