నెలలు నిండని బాబుకు రక్తం తగ్గితే పేగులు దెబ్బతింటాయా?

ప్రశ్న: మా బాబు 30 వారాలకే పుట్టాడు. అప్పుడు బరువు 1.2 కిలోలు. ఇప్పుడు ఆరు వారాలు, ఇంటికి తెచ్చుకున్నాం. నా పాలే తాగుతున్నాడు. హిమోగ్లోబిన్ 8.4 ఉంది. డాక్టర్ ఐరన్ చుక్కలు రాసి, రక్తం ఇప్పుడే వద్దన్నారు. రక్తం ఎక్కిస్తే పేగులు పాడవుతాయని కొందరు, ఎక్కించకపోతే ప్రమాదమని కొందరు అంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. – ఓ తల్లి, ఖమ్మం

జవాబు: మీ డాక్టర్ చెప్పింది సబబుగానే ఉందమ్మా. తల్లి నుంచి బిడ్డకు ఐరన్ ఎక్కువగా చేరేది చివరి మూడు నెలల్లో. మీవాడికి ఆ సమయం దక్కలేదు. రక్తకణాలు తయారు చేయించే ఎరిత్రోపొయిటిన్ హార్మోను కూడా ఇప్పుడు తక్కువే. పైగా పుట్టినప్పుడు వాడి ఒంట్లో ఉన్న రక్తమంతా ఓ చిన్న టీ గ్లాసుడు, సుమారు 110 మి.లీ. అందులోంచే పరీక్షలకూ తీయాలి. అందుకే ఈ వయసులో హిమోగ్లోబిన్ 7-9 మధ్యకు దిగడం తరచూ చూస్తాం. పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతూ, ఆయాసం లేకుండా ఉంటే అంకె ఒక్కటే చూసి రక్తం ఎక్కించరు.

ఇక పేగుల సంగతి. నెలలు నిండని పిల్లల్లో పేగు వాచి, కొన్నిసార్లు కుళ్లే జబ్బును ఎన్‌ఈసీ అంటాం. రక్తం ఎక్కించాక ఇది కనబడిన సందర్భాలు ఉన్నాయి, భయం అక్కడే పుట్టింది. అయితే అలాంటి పిల్లలకు అప్పటికే రక్తం బాగా తగ్గి ఉంటుంది, పేగుకు ఆక్సిజన్ అందదు. తప్పు దేనిదో తేల్చడం కష్టం. 2020లో అమెరికా, జర్మనీల నుంచి కిలో లోపు పిల్లల మీద రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. ఎక్కువసార్లు రక్తం ఎక్కించిన వాళ్లలోనూ, తక్కువసార్లు ఎక్కించిన వాళ్లలోనూ ఎన్‌ఈసీ దాదాపు సమానంగానే వచ్చింది. కాబట్టి రేపు నిజంగా అవసరమైతే రక్తానికి వెనకాడొద్దు.

పేగుకు మీ పాలను మించిన రక్షణ లేదు. డబ్బా పాలు, గ్రైప్ వాటర్ మీ అంతట మీరు మొదలుపెట్టకండి. పొట్ట ఉబ్బి గట్టిపడినా, ఆకుపచ్చగా కక్కినా, మలంలో ఎర్రటి రక్తం కనిపించినా, పాలు మానేసి మందకొడిగా ఉన్నా, ఊపిరి ఆగి ఆగి తీస్తున్నా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి.

ఐరన్ వల్ల మలం కాస్త నల్లగా, ముదురు ఆకుపచ్చగా రావచ్చు, కంగారొద్దు. తారులా జిగటగా వస్తే మాత్రం చూపించాలి. చుక్కల మందులో ఐరన్ మోతాదు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. షాపులో వేరే సీసా ఇస్తే ఎన్ని చుక్కలో డాక్టర్‌ను మళ్లీ అడగండి. ఈసారి వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్‌తో పాటు రెటిక్యులోసైట్ (కొత్తగా తయారైన ఎర్ర రక్తకణాల) కౌంట్ కూడా చేయిస్తారేమో అడగండి. అది పెరుగుతుంటే బాబు సొంతంగా రక్తం తయారు చేసుకుంటున్నట్టే.