అప్పు గింజ

అమ్మాయికి ఆశీస్సులు.

కందుకూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ పెట్టి, గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తం 18446744073709551615. దీని గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకే నాకు చాలా సంతోషం. కానీ మొదటి పేజీలోనే ‘అద్భుతం’ ఐదుసార్లు వచ్చింది. ఇరవై అంకెల మీద ఎవరి చూపూ నిలవదు, ఎంత పొగిడినా అంతే.

నిన్న రాత్రి పళ్లెంలో వడ్లు పోసుకుని కూర్చున్నాను. 1, 2, 4, 8 కుప్పలు పెట్టాను. మొత్తం 15. తర్వాతి కుప్ప 16. ఎక్కడ ఆపినా ఒక్క గింజే తక్కువ. ఎందుకని? బయట నుంచి ఒక గింజ అప్పు తెచ్చి మొదటి గింజ పక్కన పెట్టాను. రెండయ్యాయి. రెండో కుప్పలోనూ రెండే, కలిపితే నాలుగు. మూడో దాంట్లోనూ నాలుగే, కలిపితే ఎనిమిది. ఆ ఒక్క అప్పు గింజ కుప్పలన్నిటినీ కలుపుకుంటూ పోయి, 64 గళ్లూ అయ్యేసరికి 64 రెండ్లను గుణించినంత అవుతుంది. అప్పు తీర్చేస్తే మిగిలేదే మన సంఖ్య. నీ వ్యాసంలో ఇది ఒక్క లైను ఫార్ములా. అక్కడ ఒక పేజీ ఆగమ్మా.

ఎంత పెద్దదో చెప్పడానికి చంద్రుడి దాకా వెళ్లావు. అక్కర్లేదు. నెల్లూరు లెక్కలో పుట్టి వడ్లంటే 850 కిలోలు. గ్రాముకు 50 గింజలు అనుకుందాం. పదహారో గడిలో అరకిలో పైచిలుకు. సగం బల్ల నిండేసరికి 101 పుట్లు, సుమారు ముప్పై ఎకరాల పంట. ఇంతవరకు రైతుకు కళ్ల ముందు కనపడుతుంది. రెండో సగం కూడా నిండితే 43,400 కోట్ల పుట్లు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కనే పెట్టు, మధ్యలో ఏమీ చెప్పకు.

ఈ సంఖ్యకు తెలుగులో పాత పద్యం ఒకటి ఉంది, నువ్వు వదిలేశావు. అందులో ఒక్కో మాట ఒక్కో అంకె. ‘శర శశి’ అని మొదలవుతుంది. మన్మథుడి బాణాలు 5, చంద్రుడు 1. అంకెల మాటల్లో చివరివి ‘కుంజర తుహినాంశు’. దిక్కుల ఏనుగులు 8, మళ్లీ చంద్రుడు 1. చివరి నుంచి వెనక్కి చదివితే 1, 8 అని మొదలై ఇరవై అంకెలూ వరసగా వస్తాయి. ఇది తప్పకుండా పెట్టు.

కంప్యూటర్ల పేరా తీసెయ్. కారణాంకాల పట్టిక కూడా వద్దు, దాంట్లోంచి 641 ఒక్కటే ఉంచు. సగం బల్ల మొత్తం 4294967295. దాన్ని 4294967297తో గుణిస్తే పూర్తి బల్ల వచ్చేస్తుంది. ఈ రెండో సంఖ్య ప్రధాన సంఖ్యే అని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త అది 641తో భాగింపబడుతుందని చూపించాడు. 641 × 6700417 గుణకారాన్ని బళ్లో వేసినట్టు పూర్తిగా వేసి చూపించు. అచ్చులో అర పేజీ పట్టినా పరవాలేదు.

మళ్లీ రాసి పంపు. ఈసారి వడ్లు ముందు పెట్టుకుని చదువుతాను.

ఇట్లు,
మాస్టారు,
కావలి