లివింగ్ బైబిల్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

అక్కా, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ఇంగ్లిష్ లివింగ్ బైబిల్‌ను మీ బాబు ఇష్టంగా చదువుతున్నాడు, కానీ మన తెలుగు బైబిల్‌తో మాటలు కలవడం లేదని టెన్షన్ పడుతున్నారు కదా. అది నేరుగా చేసిన అనువాదం కాదు, అందుకే కలవదు. కెనెత్ టేలర్ తన పిల్లలకు అర్థం కావాలని 1901 నాటి ఇంగ్లిష్ బైబిల్‌నే సులువైన మాటల్లో తిరగరాశారు. బైబిల్ మూలభాషలైన హీబ్రూ, గ్రీకు నుంచి కాదు. మొదట్లో ఆఫీసుకెళ్లే రైల్లోనే రాశారట (మన ఎంఎంటీఎస్‌లో అయితే నిలబడ్డానికే చోటుండదు!). మొత్తం పుస్తకం 1971లో వచ్చింది.

119వ కీర్తన 105వ వచనం తీయండి. మనకు ‘నీ వాక్యము నా పాదములకు దీపము’. టేలర్ దాన్ని టార్చిలైట్ చేసేశారు! పిల్లాడికి ఠక్కున అర్థమవుతుంది, నిజమే. కానీ నూనె దీపం అడుగు మేరే వెలుగిస్తుంది, టార్చి దూరానికి కొడుతుంది. ఆ మాట పట్టుకుని ప్రసంగం చేస్తే అది టేలర్ గారి మాట మీద చేసినట్టే.

చదవనివ్వండి, మాన్పించొద్దు. కంఠత వాక్యాలకు, సిద్ధాంతం తేల్చుకోడానికి మాత్రం తెలుగు బైబిలే తీయమనండి. ఇంగ్లిష్‌లో తేలికైనదే కావాలంటే 1996లో వచ్చిన న్యూ లివింగ్ ట్రాన్స్‌లేషన్ కొనండి. పేరు దగ్గరగా ఉన్నా, దాన్ని పండితుల బృందం మూలభాషల నుంచి చేసింది.